ముప్పై మూడో పేరు

ఫోన్ ఎత్తంగనే మిమ్మల్ని నేను మొదలు అడిగేది అదే గదా, నిలబడి ఉన్నరా, నడుస్తున్నరా అని. మొన్న చిన్నది నవ్వింది. అందరి అమ్మమ్మలు తిన్నవా అని అడుగుతరు, నువ్వేంది గిట్ల అడుగుతవ్ అన్నది. నేను మాట మార్చిన. మీ అమ్మ పక్కనే ఉండె అప్పుడు. ఆమెకు కూడ మొత్తం తెల్వదు. ఢిల్లీల నర్సు నౌకరి చేసుకుంట, రోజూ ఎంతోమందిని చూసుకుంట ఉంటది, ఇది కూడ ఎందుకు ఆమె నెత్తిన పెట్టాలె అని చెప్పలే. మీరు పెద్దోళ్ళయిండ్రు. మీకు చెప్తున్న. నా గొంతు చిన్నది, జర దగ్గరగ పెట్టుకొని వినుండ్రి.

మా ఊరికి టవర్ వచ్చి శానా ఏండ్లేం కాలే. అంతకుముందు ఉన్నది ఒక్కటే, చండ్రుగొండ దాటినంక పెద్ద రోడ్డు పక్కన గుట్ట మీద కనపడతది చూడు, అదే. ఊళ్ళె ఎవరన్న ఫోన్ మాట్లాడాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కాలె. ముసలోళ్ళం ఎక్కలేక, పిల్లలకు చెప్పి పంపేది, ఫలానాది అడిగి రా అని. తర్వాత మా చర్చి వెనక జాగల ఇంకో టవర్ లేపిండ్రు. మా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసిండు, అవతలి వాడోళ్ళు వచ్చి కొబ్బరికాయ కొట్టిండ్రు. మీ తాత ఊకుంటడా. రెండు దిక్కుల నుంచి దీవెన పడ్డది, ఇగ దీనికి కరెంటు కూడ అక్కర్లేదు అన్నడు. పాస్టరు గారు కూడ నవ్విండు.

ఇంట్ల సిగ్నల్ నిండ గీతలు. మంచంల పండుకొని మీతోటి మాట్లాడొచ్చు. కాని ఒక్కటే తిప్పలు. పెద్ద రోడ్డు దిక్కు నుంచి మా ఊరికి వచ్చేటోళ్ళు ఫోన్ల మాట్లాడుకుంట వస్తే, దారిల చిన్న కల్వర్టు ఉన్నది చూడు, ఆ మోరీ దాటంగనే మాట తెగిపోతది. ప్రతిసారి అక్కడనే. తెగినంక ఒక్కోసారి అరగంట దాక ఎవరు చేసినా కలవది. మోరీ కాడ దయ్యం కోస్తున్నది అని ఆడోళ్ళు అనుకునేది. ఆటోలోళ్ళు అయితే, మీ ఊరికి వస్తే భూమి మీద నుంచి పేరు కొట్టేస్తరు అమ్మా అనేది. అందరం నవ్వుకున్నం. అలవాటైంది.

ఆ తర్వాత మీ తాత పడిపోయిండు. మీరు అప్పుడు పరీక్షలల్ల ఉన్నరు, మీకు షుగర్ తక్కువైంది అని చెప్పించిన. షుగర్ కాదు. పొద్దుగాల పది గంటలకు మిర్చి తోటల నీళ్ళు మలుపుకుంట ఉన్నడు. నేను సద్ది పట్టుకొని పోయేసరికి గట్టు మీద పక్కకు ఒరిగి ఉన్నడు, మూతి వంకర పోయింది, మాట రావట్లే. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టుకొని చూస్తె తడి బట్టలెక్క ఉన్నయి. ఆటో ఆయనకు ఫోన్ చేసిన. చండ్రుగొండల ఉన్న, వస్తున్న అన్నడు. తోట ఊళ్ళె లేదు గదా, ఊరికి రాకముందే ఎడమకు తిరగాలె. ఆయనకు ఆ దారి తెల్వదు. అందుకే ఫోన్ పెట్టొద్దు, నేను చెప్తుంట అన్న. పెట్రోలు బంకు దాటిన అన్నడు. గుట్ట దాటిన అన్నడు. మోరీ మీద ఉన్న అన్నడు. ఎడమ చేతి దిక్కు ఇప్పచెట్టు కనపడతది, అక్కడ అని నేను అంటున్న, అవతల ఏం లేదు. ఉత్త గాలి.

ఎన్నిసార్లు కొట్టిననో లెక్క లేదు. మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదు అని ఒక ఆడమనిషి మెల్లగ చెప్తున్నది. ఆయన సీదా ఊళ్ళెకు పోయి, మా ఇంటి ముందట నిలబడి, తలుపు గొళ్ళెం చూసి, ఎవర్నో అడిగి, మళ్ళ తిరిగి వచ్చేసరికి గంట దాటింది. ఖమ్మం దవాఖానల డాక్టరు, ఇంకొంచెం ముందు తెస్తే ఆ కాలు దక్కేది అన్నడు. తిట్టినట్టు అనలే. మామూలుగనే అన్నడు. అందుకే మరింత తాకింది.

దవాఖాన వరండాలకు నా మేనల్లుడు వచ్చిండు. మీకు బాబాయి వరస అయితడు. టవర్ల పని చేస్తడు తెలుసు గదా, బ్యాటరీలు మార్చుడు, పైకెక్కి కేబుల్ చూసుడు, ఈ దిక్కు టవర్లు మొత్తం ఆయన చేతి కిందనే. మీ టవర్ పాడైంది రా, ఎన్నిసార్లు చెప్పినా మీరు చూడరు అని నేను అన్న. గప్పుడు చెప్పిండు.

"మీ టవర్ బాగనే ఉన్నది అత్తా. గుట్ట మీది టవర్‌కు మీ టవర్ పేరు తెల్వదు."

నాకు అర్థం కాలే. మెల్లగ విప్పి చెప్పిండు. ప్రతి టవరు ఊకెనే నిలబడదట. పొద్దుమాపు చాటింపు వేస్తనే ఉంటదట, నా పక్కన ఫలానా ఫలానా టవర్లు ఉన్నయి, నన్ను దాటి పోతే వాటి గొంతు వినుండ్రి అని. మన చేతిల ఫోను ఆ చాటింపు విని, ఆ పేర్లను మాత్రమే వెతుకుతదట. మనిషి నడుస్తుంటె, బండిల పోతుంటె, ఒక టవర్ చెయ్యి వదిలి ఇంకోదాని చెయ్యి పట్టుకోవాలె గదా. చాటింపుల పేరు లేనిది పక్కనే నిలబడి ఉన్నా ఫోను దాని మొహం చూడదట. పాత టవర్నే పట్టుకొని, పట్టుకొని, అందక చివరకు వదిలేస్తది. వదిలినంక మొదటి నుంచి వెతుక్కుంటది. మా అడవిల పెద్ద నెట్టు ఉండదు, ఎంత మంచి ఫోనైనా మాట్లాడేటప్పుడు పాత టూజీ మీదికే దిగుతదట, దానికి ఈ తిప్పలు ఎక్కువట. నిలబడి మాట్లాడేటోళ్ళకు ఏం కాదు. నడిచేటోళ్ళకే.

అయితే మా పేరు కూడ చాటమని చెప్పు అన్న. అదే కష్టం అన్నడు. ఆ చాటింపుల ముప్పై రెండు పేర్లే పడతయట. ముప్పై రెండు సీట్ల బస్సు అనుకో అత్తా, నిలబడి పోవుడు లేదు అన్నడు. ఒక్కో టవర్‌కు మూడు మొహాలు, ఒక్కో మొహానికి ఒక పేరు, మీది గుట్ట దిక్కు చూసే మొహం ఒక్కటి ఎక్కితే చాలు. గుట్ట మీద ఉన్నది గదా, దానికి అన్ని దిక్కులా టవర్లు కనపడతయి, ఎప్పుడో నిండిపోయింది. మీది తర్వాత వచ్చింది, మీది ముప్పై మూడో పేరు అన్నడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్న. చిన్నప్పుడు నిన్ను నేను ఎత్తుకొని పెంచిన, ఈ ఒక్కటి చెయ్యి అన్న. గట్ల అడగొచ్చా లేదా నాకు తెల్వదు. అడిగిన.

ఎండాకాలంల ఇంటికి వచ్చిండు. హైదరాబాదుల కూర్చునే సార్లు ఒప్పుకున్నరట. ఒక పేరు ఎక్కియ్యాలంటే ఒక పేరు దించాలె, ఏది దించాల్నో ఆ దిక్కు తిరిగేటోడివి నువ్వే రాసి పంపు అన్నరట. వాళ్ళ ముందట మ్యాపు ఉంటది గాని ఆ దారిల ఎవరు నడుస్తరో ఉండదు గదా. నాకు మాత్రం ఏం తెలుసు అత్తా, నేను టవర్ కాడికి పోయి వస్త, నువ్వైతే ముప్పై ఏండ్లు ఈ గుంపులన్ని తిరిగినవ్, నువ్వు చెప్పు అన్నడు.

అవ్, తిరిగిన. అంగన్‌వాడీల ఆయాగ చేసిన గదా. గుడ్ల ట్రేలు నెత్తిన పెట్టుకొని, పిండి పాకెట్లు సంచిల వేసుకొని, అడవిల ఉన్న ప్రతి గుంపుకు పోయిన. గుంపు అంటే మీకు తెల్వదేమో, పది ఇరవై ఇండ్లు ఒక్కకాడ ఉంటె ఇక్కడ గుంపు అంటరు. ఏ గుంపుల ఎంతమంది పిల్లలు, ఏ వాగు ఎప్పుడు దాటనియ్యదు, అన్ని తెలుసు.

మీ తాత మంచంల ఉన్నడు. మేనల్లుడు గడప మీద కూర్చొని ఫోన్ల చూసుకుంట ఒక్కో పేరు చదువుతున్నడు, నేను చెప్తున్న. అక్కడ బడి ఉన్నది, వద్దు. అక్కడ వారం వారం అంగడి పడతది, వద్దు. ఆ దారిల బస్సు పోతది, వద్దు. తర్వాత వాగు అవతల ఇంకో గుట్ట మీద ఉన్న గుంపు టవర్ పేరు చదివిండు.

"అది ఖాళీ గదరా" అన్న.

ఆయన రాసుకున్నడు.

ఖాళీ అన్న మాట గురించి మీకు చెప్పాలె. ఎండాకాలంల బీడీలు చుట్టే తునికాకు పని మొదలైతె ఆ గుంపు మొత్తం కిందికి దిగుతది. ఆకు కోసి, కట్టలు కట్టి, రోడ్డు పక్కన కల్లంల ఆరబెట్టాలె. ముసలి ముతక, పిల్లలు, కోళ్ళతో సహా వస్తరు. సర్కారు వాళ్ళకు రోడ్డు పక్కనే కాలనీ ఇండ్లు కూడ కట్టిచ్చింది, కాగితం మీద వాళ్ళ ఊరు ఇప్పుడు అదే. పేరు కూడ అదే గుంపు పేరు. ఆ రోజులల్ల ఎవర్ని అడిగినా, పైన గుంపు ఖాళీ అనే అంటరు. నేనూ గట్లనే అన్న. కాని తొలకరి పడంగనే వాళ్ళు మళ్ళ పైకి పోతరు. పోడు చేన్లు పైన ఉన్నయి. జొన్న, కంది వేసి, మంచెలు కట్టుకొని, పందులను కొట్టుకుంట పంట చేతికొచ్చేదాక అక్కడనే. కాలనీ ఇండ్లకు తాళాలు. వానలల్ల చెప్పులు చేతిల పట్టుకొని, ఆ వాగు దాటి, గుడ్లు పగలకుండ పైకి మోసింది నేనే. ముప్పై ఏండ్లు.

మర్చిపోయినవా అంటే, లేదు. తెలుసా అంటే, తెలుసు. ఆ రోజు నా కండ్లకు మీ తాత కాలే కనపడుతున్నది. ఎండల్ల చూసింది ఎండల్ల చెప్పిన. వానలు నా నోట్లెకు రాలే.

జనావాసం లేదు అని ఆయన రాసి పంపిండు. కొన్ని రోజులకు మా పేరు ఎక్కింది. ఆటో ఆయన మోరీ దాటుకుంట, అమ్మా ఇంకా నీ మాట వినపడుతున్నది అన్నడు. ఆదివారం చర్చిల లేచి నిలబడి సాక్ష్యం చెప్పిన. నా మొర విన్నడు అని చెప్పిన. అందరు ఆమెన్ అన్నరు.

ఆ గుంపుల ఒకామె ఉన్నది. నాకంటె చిన్నది, నన్ను అక్కా అంటది. అడ్డాకులు ఏరి విస్తర్లు కుట్టి తెస్తది. వచ్చినప్పుడల్ల మా వాకిట్ల కూర్చొని, మీ తాతను ఎక్కిరిచ్చేది. పెద్దాయన మంచమెక్కినంక తెల్లగయిండు అక్కా, పెండ్లి చెయ్యి అనేది. ఆ ఎండాకాలం కోడల్ని వెంట పెట్టుకొని వచ్చింది. సన్నటి పిల్ల, కడుపుతోటి ఉన్నది, ఐదో నెల. నేను మామిడికాయ తరుగుతుంటె ముక్క అడిగింది. ఉప్పు కారం అద్ది ఇస్తె, మాట్లాడకుండ, తల దించుకొని ఏడెనిమిది ముక్కలు తిన్నది. అత్త చూసి, ఇది పిల్లను కంటదా, ఊరగాయ జాడీని కంటదా అన్నది. ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

తొలకరికి వాళ్ళు పైకి పోయిండ్రు.

వానాకాలం నడిమిట్ల చాలా రోజులు ఆమె రాలే. వాగు వచ్చిందేమో అనుకున్న. ఒకనాడు పొద్దుగాల వచ్చింది. విస్తర్లు లేవు. ఉత్త చేతులు. వాకిట్ల కూర్చొని, నేను అడగకముందే చెప్పింది.

ఆ పిల్లకు నెలలు నిండకముందే రక్తం మొదలైందట. మిట్టమధ్యాహ్నం. గుంపుల సిగ్నల్ మంచిగున్నది, టవర్ వాళ్ళ పక్కనే గదా. కొడుకు అంబులెన్సుకు ఫోన్ చేసిండు. అంబులెన్సు డ్రైవరు మంచోడే, ఫోన్ పెట్టకు, దారి చెప్పు అన్నడట. పెద్ద రోడ్డు దిగే వరకు చెప్పిండు. లోపలికి మలిగినంక దారి రెండుగ చీలుతది. ఎడమకు పోతే కాలనీ, కుడికి పోతే గుంపున్న గుట్ట మీదికి. చీలిన కాడికి వచ్చిన, ఎటు అని డ్రైవరు అడుగుతనే ఉన్నడు, మాట తెగింది. డ్రైవరు చేతిల కాగితం మీద గుంపు పేరు ఉన్నది, కాలనీ బోర్డు మీద కూడ అదే పేరు. కాలనీకే పోయిండు. అన్ని ఇండ్లకు తాళాలు. హారను కొట్టుకుంట గల్లీలల్ల తిరిగిండట. పైన కొడుకు ఫోన్ కలపబట్టె, కలపబట్టె, కలవకపోతె, మంచం మీద వేసుకొని నలుగురు మోసుకుంట దిగిండ్రు. వాగు కాడ బండి ఎదురైంది. చండ్రుగొండ రాకముందే ఆ పిల్ల పోయింది. కడుపుల బిడ్డ కూడ.

ఆమె ఏడవలే. చెప్పి, నీళ్ళు అడిగి తాగింది.

"మాట యాడ తెగింది చెల్లె" అని అడిగిన.

"దారి చీలిన కాడ అక్కా. ఇంతకుముందు ఎప్పుడు తెగలే. ఈ వానలకే."

ఆమె పోయినంక మేనల్లునికి ఫోన్ చేసిన. మొత్తం విన్నడు. తర్వాత, అత్తా, నువ్వే గదా ఖాళీ అన్నవ్ అన్నడు. అవ్, నేనే అన్న అని చెప్పిన. ఆయన మీద తప్పు పెట్టనీకి నేను ఫోన్ చేయలే. ఎవరికన్న చెప్పాలె అనిపించింది.

మీ తాతకు చెప్పిన. తాత గోడ దిక్కు తిరిగిండు. రెండు రోజులు అన్నం సరిగ తినలే. మూడో రోజు, పోయి చెప్పిరా అన్నడు. నేను పోయిన. మోకాళ్ళు పట్టుకుంట, వాగుల రాళ్ళ మీద కూర్చుంట, ఒక్కదాన్నే ఎక్కిన. గుడ్లు మోసినప్పుడు గంటల ఎక్కేది. ఆ రోజు పగలంత పట్టింది.

ఆమె చేను పక్కన గుడిసె ముందట విస్తరి కుట్టుకుంట ఉన్నది. పక్కన కూర్చున్న. టవరు, చాటింపు, ముప్పై రెండు పేర్లు, నాకు మేనల్లుడు చెప్పినట్టే చెప్పబోయిన. మధ్యలనే ఆపింది.

"టవర్ల ముచ్చట నాకు తెల్వదు అక్కా. నువ్వేమన్నవో అది చెప్పు."

"గుంపు ఖాళీ అన్న."

"ఎప్పుడు?"

"ఎండల్ల. మీరు ఆకుకాడ ఉన్నప్పుడు."

ఆకుల పుల్ల గుచ్చింది. ఇంకో ఆకు తీసుకున్నది.

"వానలల్ల మేం యాడ ఉంటమో నీకు తెల్వదా?"

"తెలుసు."

తిట్టితే బాగుండు అనుకున్న. ఆ విస్తరి పూర్తిగ కుట్టింది, పక్కన పెట్టింది. కొడుకు చేన్ల నుంచి వచ్చిండు. ఆమె వాళ్ళ భాషల ఏదో చెప్పింది, రెండే మాటలు. ముప్పై ఏండ్లు తిరిగినా నాకు ఆ భాషల గుడ్డు, పాప, నీళ్ళు, జ్వరం తప్ప రావు. ఏం చెప్పిందో తెల్వదు. ఆ పిలగాడు నన్ను ఒక్కసారి చూసి లోపలికి పోయిండు. ఆమె లేచి, మొగులు పట్టింది, వాన రాకముందు దిగు అక్కా అన్నది. వాగు దాకా తోడు వచ్చింది. నా చెయ్యి పట్టుకొని దాటిచ్చింది కూడ. దాటిచ్చి, ఇగ రాకు అన్నది. కోపంగ అనలే. అప్పటి సంది ఆమె మా వాకిట్లెకు రాలే. విస్తర్లు అవతలి వాడల అమ్ముకొని పోతది.

తర్వాతి వారం మేనల్లుడు వచ్చిండు. మొహం పీక్కుపోయింది. ఆ గుంపు పేరు మళ్ళ ఎక్కియ్యమని సార్లను అడిగిండట. ఎక్కిస్తం, ఏది దించాల్నో రాసి పంపు అన్నరట. మళ్ళ అదే. గడప మీద కూర్చొని ఫోన్ తీసిండు. అత్తా, పేర్లు చదవాల్నా అన్నడు.

చదవకు, మాది దించు అనాలె నేను. ఆ రోజు గుంపు నుంచి దిగుకుంట దారి పొడుగునా అదే అనుకుంట వచ్చిన. నోటి దాకా వచ్చింది. మంచంల మీ తాత ఉన్నడు, ఎడమ కాలు చేత్తోటి పట్టుకొని జరుపుకుంటున్నడు. ఆ జబ్బు ఎప్పుడన్న మళ్ళ రావొచ్చు అని దవాఖానల డాక్టరు చెప్పి పంపిండు.

మీ తాతే అన్నడు, నత్తుకుంట. "మనది తీసెయ్ రా. నా కాలు పోనే పోయింది."

మేనల్లుడు నా దిక్కు చూసిండు. నేను ఊ అంటె చాలు, రాసుకుంటడు.

చాయ పెడత అని నేను లోపలికి పోయిన.

పొయ్యి ముందట ఎంతసేపు ఉన్ననో. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, మళ్ళ అంటిచ్చిన. రెండు గిలాసలు పట్టుకొని బయటికి వచ్చేసరికి ఆయన ఫోన్ జేబుల పెట్టుకున్నడు. చాయ తాగిండు. బ్యాటరీ పని ఉన్నది అని లేచి పోయిండు.

ఇప్పుడు దారి చీలిన కాడ మాట తెగుతలేదట. ఆ గుంపుకు పోయే మోటరు సైకిలాయన చెప్పిండు. మా మోరీ కాడ కూడ తెగుతలేదు. ముప్పై రెండే గదా పడేది. అయితే ఇంకెవరిదో దిగింది. నేను గుడ్లు మోసుకపోయిన గుంపులల్లనే ఏదో ఒకటి. ఏది తీసినవ్ రా అని నేను అడగలే. ఆయన చెప్పలే.